వికెట్ల వెనక ఒకే ఒక్క చోటు: గంజాం, గజపతి, రాయగడ పిల్లలకు కీపర్ కెరీర్ మార్గదర్శి

జట్టులో ముగ్గురు పేసర్లకు, ఇద్దరు స్పిన్నర్లకు, ఐదారుగురు బ్యాటర్లకు చోటుంటుంది. కీపర్‌కి ఒక్కటే. జిల్లా జట్టులోనూ అంతే, రాష్ట్ర జట్టులోనూ అంతే. మూడో పేసర్ బాగా వేయకపోతే నాలుగోవాడికి పిలుపొస్తుంది. మొదటి కీపర్ బాగా చేస్తున్నంత కాలం రెండోవాడు మంచినీళ్లు మోయాల్సిందే. కీపర్ అవుతానంటున్న పిల్లాడు గానీ, వాడి అమ్మానాన్నలు గానీ ముందు ఈ లెక్క తెలుసుకోవాలి. కింద చెప్పబోయేవన్నీ ఆ ఒక్క చోటు చుట్టూ తిరిగేవే.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగిళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల లోపు పిల్లలకు ఎక్కువ పనికొస్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది: ఒడిశానా, ఆంధ్రానా?

సరిహద్దులో ఉండటం వరమే, తలనొప్పి కూడా. పర్లాకిమిడి దాటితే పాతపట్నం. బరంపురంలో బండెక్కితే కాసేపట్లో ఇచ్ఛాపురం. ఆదివారం శ్రీకాకుళం జిల్లాలో టోర్నీ ఆడి, ఆ మర్నాడు గంజాం సెలక్షన్‌కి వెళ్లే కుర్రాళ్లు మనకి కొత్త కాదు. ప్రైవేటు టోర్నీలు ఎక్కడ ఆడినా ఎవరూ అడగరు. బీసీసీఐ టోర్నీలకి వెళ్లే రిజిస్ట్రేషన్ మాత్రం ఒక రాష్ట్ర క్రికెట్ సంఘం కిందే ఉండాలి. ఒడిశా సంఘానికి కటక్‌లోని బారాబతి కేంద్రం. ఆంధ్ర వైపు మనకి దగ్గరది విశాఖ మధురవాడ స్టేడియం. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టింది ఆ మైదానంలోనే. అది చూసి మనవాళ్లకి మనసు విశాఖ వైపు లాగుతుంది.

నా సలహా అడిగితే, ఇల్లూ బడీ ఎక్కడుంటే అక్కడే పేరు రాయించండి. పక్క రాష్ట్రంలో బంధువుల ఇంటి అడ్రసు పెట్టి ఆడించాలని చూస్తే పత్రాల దగ్గర దొరికిపోతారు. ఒకసారి ఆ మచ్చ పడితే పోగొట్టుకోవడం కష్టం. తర్వాత సంఘం మారాలన్నా పాత సంఘం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకోవాలి.

పత్రాల్లో మనవాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, లేదా ఒక్క అక్షరంతో సరిపెడతాం. ఒడిశా బడిలో ఇంటిపేరు చివర రాస్తారు. ఆధార్‌లో ఒకలా, జనన ధ్రువపత్రంలో ఇంకోలా, మార్కుల పత్రంలో మరోలా పడుతుంది. సెలక్షన్ రోజున బల్ల దగ్గర కూర్చున్నాయన మూడూ పక్కపక్కన పెట్టి "ఈ ముగ్గురూ ఒక్కడేనా?" అంటాడు. పిల్లాడికి పదేళ్లు నిండేలోపే మూడిట్లోనూ అక్షరం పొల్లు పోకుండా ఒకేలా దిద్దించండి. పుట్టిన తేదీ విషయంలో తెలివితేటలు అస్సలు వద్దు. అండర్-16 అబ్బాయిలకి ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు లెక్కగడతారు.

టెన్నిస్ బంతి నుంచి బయటికి రావాలి

మన వైపు క్రికెట్‌లో ముప్పాతిక వంతు టెన్నిస్ బంతితోనే. నైట్ టోర్నీలు, ట్రోఫీ, చివర్లో మటన్ భోజనాలు అన్నీ సరదాయే. కీపర్‌కి మాత్రం అది చెడ్డ బడి. టెన్నిస్ బంతికి చేతులు గట్టిగా బిగించి లాక్కునే అలవాటు వస్తుంది. డ్యూస్ బంతి, అంటే తోలు బంతి, బరువు 156 నుంచి 163 గ్రాములు. దాన్ని అలా లాక్కుంటే గ్లవ్స్‌లోంచి ఎగిరి అవతల పడుతుంది. పన్నెండు పదమూడేళ్లకల్లా వారానికి కనీసం నాలుగు రోజులు తోలు బంతితో కీపింగ్ చేసే చోటు వెతకాలి. బరంపురంలో అయితే కోచింగ్ దొరుకుతుంది. కొరాపుట్ జిల్లాలో సునాబెడ, దామన్‌జోడి లాంటి కంపెనీ టౌన్‌షిప్పుల మైదానాలు అడిగి చూడండి. మిగతా చోట్ల కాంక్రీటు మీద కొబ్బరి పీచు చాప పరిచిన పిచ్ దొరికితే అదే మహాభాగ్యం. చాప మీద బంతి బాగా లేస్తుంది కాబట్టి కీపర్ నడుం ఎత్తు నుంచి భుజం ఎత్తు దాకా బంతులు పట్టడం నేర్చుకుంటాడు. కాళ్ల దగ్గర పాకుతూ వచ్చే బంతి మాత్రం చాప మీద రాదు. దానికి వేరే సాధన చేయాలి, కింద చెప్తాను.

గ్లవ్స్: డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

ప్యాడ్లు పాతవైనా పర్వాలేదు, గ్లవ్స్ సరిపోవాలి. "పెరిగే పిల్లాడు కదా" అని ఒక సైజు పెద్దది కొనకండి. వేలి చివర ఖాళీ ఉంటే బంతి తగిలినప్పుడు వేలు వెనక్కి మడుచుకుంటుంది. లోపల వేసుకునే ఇన్నర్స్ రెండు మూడు జతలు తప్పనిసరి. గోపాలపూర్ గాలికి అక్టోబర్‌లో కూడా గంటలో ఇన్నర్స్ తడిసి ముద్దవుతాయి, తడిసినవాటిలో చెయ్యి జారుతుంది. డ్రింక్స్‌కి ఒక జత చొప్పున మార్చుకోండి. గ్లవ్స్‌ని ఎండలో పెట్టి ఆరబెడితే తోలు పెళుసెక్కుతుంది, నీడలో గాలికి ఆరనివ్వాలి.

కొత్త గ్లవ్స్‌ని నేరుగా మ్యాచ్‌కి తీసుకెళ్లొద్దు. అరచేతి మధ్య గుంట పడేదాకా ఇంట్లో కూర్చుని బంతితో కొడుతూ ఉండాలి. రూలు కూడా ఒకటి గుర్తుంచుకోండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తప్ప మిగతా వేళ్ల మధ్య ఎక్కడా వల ఉండకూడదు. చవకగా దొరికాయని ఏవో కొంటే అంపైర్ తీయించేస్తాడు.

హెల్మెట్ గురించి వాదన అనవసరం. 2000లో ఢాకాలో కుంబ్లే బౌలింగ్‌లో బంతి కంటికి తగిలి సబా కరీం కెరీర్ దెబ్బతింది. 2012లో ఇంగ్లండ్‌లో తాహిర్ బంతికి ఎగిరిన బెయిల్ కంటికి తగలడంతో మార్క్ బౌచర్ ఆట అక్కడితో ఆగిపోయింది. రెండూ స్పిన్నర్ల బౌలింగ్‌లోనే జరిగాయి. స్టంప్స్ దగ్గరికి వచ్చి నిలబడితే గ్రిల్ ఉన్న హెల్మెట్ పెట్టాల్సిందే, నెట్స్‌లో కూడా.

కూర్చోవడం, లేవడం

నాలుగు రోజుల మ్యాచ్‌లో రోజుకి 90 ఓవర్లు. అంటే ఒక్కరోజులో 540 సార్లు గొంతుక్కూర్చుని లేవాలి. వన్డేలో 300, టీ20లో 120. ఈ లెక్క చూశాక ఎలా కూర్చోవాలో నేర్చుకోకపోతే మోకాళ్లు పాతికేళ్లకే మూలుగుతాయి.

పాదాలు భుజాల వెడల్పున ఉంచి, బరువు ముని పాదాల మీద వేయాలి. మడమలు నేలకి తగిలీ తగలనట్టు ఉండాలి. గ్లవ్స్ వెనక వైపు నేలకి ఆనాలి, అరచేతులు బౌలర్‌కి కనబడాలి, చిటికెన వేళ్లు రెండూ ఒకదానికొకటి తాకుతుండాలి. వేళ్లు నేల వైపు చూడాలి. బంతి వైపు వేళ్లు గురిపెట్టినవాడికి ఎప్పటికైనా వేలు విరగడం ఖాయం. ఛాతీ కంటే పైకి వచ్చే బంతికి వేళ్లు ఆకాశం వైపు తిరుగుతాయి. నడుముకీ ఛాతీకీ మధ్య వచ్చేది ఇబ్బంది పెడుతుంది. దానికి శరీరాన్ని పక్కకి జరిపి, చేతులు పక్కనుంచి పట్టాలి.

పేసర్‌కి ఎంత వెనక నిలబడాలని అడిగితే అడుగుల లెక్క చెప్పలేం. బంతి పిచ్ అయి, పైకి లేచి, దిగడం మొదలయ్యాక నడుం ఎత్తులో అందేచోటు మీది. తొలి ఓవర్‌లో రెండు బంతులు చూసి సర్దుకోండి. కొత్త బంతికి ఒక చోటు, నలభై ఓవర్ల పాత బంతికి రెండడుగులు ముందు. ఉదయం మంచు ఆరని కొరాపుట్ మైదానంలో ఒకలా, మధ్యాహ్నం బరంపురం ఎండలో ఇంకోలా ఉంటుంది. తల ఆఫ్ స్టంప్‌కి కాస్త బయట ఉండాలి, లేకపోతే బ్యాటర్ ఒళ్లే అడ్డం. ఫస్ట్ స్లిప్ మీ చోటు చూసే నిలబడతాడు కాబట్టి మీరు తప్పు చోట నిలబడితే స్లిప్స్ వరసంతా తప్పు చోటే ఉంటుంది.

స్పిన్నర్‌కి దగ్గరగా: అసలు పరీక్ష

వెనక నిలబడి పట్టడం బాగా ఆడే ఏ ఫీల్డరైనా నేర్చుకోగలడు. ఆ ఒక్క చోటు ఎవరిదో తేలేది స్టంప్స్ దగ్గరే. సెలెక్టర్లు కూడా అక్కడే చూస్తారు. 2021 నవంబర్‌లో న్యూజిలాండ్‌తో కాన్పూర్ టెస్టులో కీపర్ సాహాకి మెడ పట్టేస్తే, మన విశాఖ కుర్రాడు కె.ఎస్. భరత్ సబ్‌స్టిట్యూట్‌గా గ్లవ్స్ తొడిగాడు. లోబౌన్స్ పిచ్ మీద అశ్విన్ బంతికి విల్ యంగ్ ఎడ్జ్ ఇస్తే కిందనుంచి తీశాడు. అక్షర్ బౌలింగ్‌లో టేలర్ క్యాచ్ పట్టాడు, 95 మీదున్న లాథమ్‌ని స్టంప్ చేశాడు. అప్పటికి అతను టెస్టు ఆడనే లేదు. అరంగేట్రం 2023 ఫిబ్రవరిలో నాగపూర్‌లో జరిగింది. కాన్పూర్ క్యాచ్ వీడియో దొరికితే బంతి వదిలేసి అతని మోకాళ్లు మాత్రం చూడండి. బంతి పిచ్ అయ్యేదాకా లేవలేదు.

మొత్తం రహస్యం అదే. బంతి లేస్తే మీరు లేవాలి, బంతి లేవకపోతే మీరూ కిందే ఉండాలి. భయంతో ముందే లేచేసిన కీపర్‌కి కింద పాకే బంతి కాళ్ల మధ్యనుంచి పోయి, బ్యాట్‌కి తగలకుండానే అవతలి జట్టుకి నాలుగు బై పరుగులు. కిందనే ఉన్నవాడికి పైకి లేవడానికి సమయం ఉంటుంది. పైనున్నవాడు కిందికి దిగలేడు.

సాధన ఇలా మొదలెట్టండి. స్టంప్స్ ముందు, ఆఫ్ స్టంప్ గీత మీద ప్లాస్టిక్ కుర్చీ పెట్టండి. అది మీ బ్యాటర్. ఎదురుగా పదడుగుల దూరం నుంచి అన్నో, నాన్నో, తమ్ముడో చేత్తో బంతి వేస్తారు. కుర్చీ వెనకనుంచి బంతి ఆలస్యంగా కనబడుతుంది. మొదటి వారం టెన్నిస్ బంతి, చేతికి ఇన్నర్స్ మాత్రమే. చేతులు మెత్తబడటానికి ఇంతకు మించిన మందు లేదు. తర్వాత తోలు బంతి, గ్లవ్స్. ఆ తర్వాత కుర్చీ తీసేసి, బ్యాట్ పట్టుకుని కావాలనే బంతిని వదిలేసే మనిషిని నిలబెట్టండి. బ్యాట్ కళ్ల ముందు ఊగుతున్నా కళ్లు మూసుకోకుండా చూడటం నేర్చుకోవాలి. ఇది తేలిక అనుకుంటారు గానీ, మొదట్లో అందరూ మూస్తారు. పాకే బంతి కోసం గట్టి నేల మీద తడిపిన టెన్నిస్ బంతిని జారేలా విసిరించుకోండి.

లెగ్ సైడ్ బంతి మరీ కష్టం, ఎందుకంటే బ్యాటర్ కాలు దాటేదాకా కనబడదు. ముందే ఊహించి దూకొద్దు. బంతి గీత తెలిశాక ఎడమ కాలు పక్కకి ఒక అడుగు వేయాలి, తల బంతి వెనకకి రావాలి, చేతులు అక్కడినుంచి స్టంప్స్ మీదికి తిరగాలి. ఎడంచేతి బ్యాటర్‌కి ఇదే తిరగేసి. చేతిలో పడ్డాక బెయిల్స్ దాకా ఒక్క ఊపు. బెయిల్స్ పడేదాకా బంతి మాత్రం చేతిలోంచి జారకూడదు.

1988లో మద్రాసులో వెస్టిండీస్ మీద హిర్వాణీ 16 వికెట్లు తీసిన టెస్టులో కిరణ్ మోరే ఆరు స్టంపింగులు చేశాడు. ఆ రికార్డు ఇంకా ఆయనదే. మీ బడిలో, మీ క్లబ్బులో ఉన్న లెగ్ స్పిన్నర్‌తో స్నేహం చేయండి. రోజూ అరగంట అతనికి కీపింగ్ చేస్తే ఇద్దరికీ లాభమే.

రూల్స్: కీపర్‌కి తెలియకపోతే జట్టుకే నష్టం

బంతి బ్యాట్‌కో బ్యాటర్‌కో తగిలేదాకా, లేదా స్టంప్స్ దాటేదాకా, లేదా బ్యాటర్ పరుగుకి బయల్దేరేదాకా కీపర్ మొత్తం స్టంప్స్ వెనకే ఉండాలి. గ్లవ్స్ అంచు ముందుకొచ్చినా నోబాల్. 2025 ఐపీఎల్‌లో వాంఖడేలో క్లాసెన్ గ్లవ్స్ స్టంప్స్ ముందుకి రావడంతో హైదరాబాద్‌కి దొరికిన రికెల్టన్ వికెట్ పోయింది. రికెల్టన్ పెవిలియన్ దారి పట్టాక వెనక్కి పిలిచారు.

స్టంపింగ్‌లో బంతి ఏ చేతిలో ఉందో ఆ చేత్తోనే బెయిల్స్ పడాలి. కుడి చేతిలో బంతి పెట్టుకుని ఎడం చేత్తో కొడితే ఔట్ లేదు. వైడ్‌కి స్టంపింగ్ ఉంది, నోబాల్‌కి లేదు. హెల్మెట్ తీసి పెడితే నేరుగా మీ వెనకే పెట్టాలి. బంతి దానికి తగిలితే ప్రత్యర్థికి ఐదు పరుగులు.

బ్యాట్ పట్టకపోతే చోటు లేదు

కీపింగ్ ఎంత బాగున్నా సరే, ఈ రోజుల్లో ఏ రాష్ట్రమూ తొమ్మిదో నంబర్‌లో బ్యాటింగ్‌కి దిగే కీపర్‌ని తీసుకోదు. ఒక్క చోటు కాబట్టి, సమానంగా పట్టే ఇద్దరిలో ఎక్కువ పరుగులు చేసేవాడిదే అది. భరత్‌కి పేరొచ్చింది 2015లో ఒంగోలులో గోవా మీద 308 చేశాకే. రంజీలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన తొలి కీపర్ అతను. కాబట్టి నెట్స్‌లో కీపింగ్ చేసి అలిసిపోయాక బ్యాటింగ్ చేయించుకోండి. మ్యాచ్‌లో మీ పరిస్థితి అలాగే ఉంటుంది. జిల్లా స్థాయిలో నాలుగులోపు బ్యాటింగ్‌కి దిగే అలవాటు చేసుకోండి. "కీపరే కదా, ఏడో నంబర్‌లో పంపుదాం" అనే కోచ్‌కి మర్యాదగా, పదేపదే అడిగైనా పైకి వెళ్లండి.

గొంతు

ఇది ఎవరూ నేర్పరు. ఫీల్డర్లని కదిలించేది, బౌలర్‌ని నిలబెట్టేది, కెప్టెన్‌కి రివ్యూ చెప్పేది కీపరే. కటక్ క్యాంపుకి వెళ్లిన మన కుర్రాడు ఒడియా బడిలో చదివినా సిగ్గుపడి నోరు విప్పడు. సెలెక్టర్ నోట్సులో "చురుకుదనం తక్కువ" అని పడుతుంది. క్లబ్ మ్యాచ్‌ల్లోనే ఒడియాలో, హిందీలో అరవడం అలవాటు చేసుకోండి. తెలుగు కూడా వాడుకోవచ్చు. అవతలి జట్టుకి తెలుగు రాకపోతే బ్యాటర్ ముందే స్పిన్నర్‌కి ఏం చెప్పాలో బాహాటంగా చెప్పొచ్చు. గంజాం జట్టు మీద ఆడేటప్పుడు ఈ ఎత్తు పనిచేయదనుకోండి.

మెట్లు, రెండో కీపర్ కష్టం

జిల్లా జట్టు, అంతర జిల్లా మ్యాచ్‌లు, ప్రాబబుల్స్ (రాష్ట్ర జట్టుని ఏరే ముందు వేసే పెద్ద జాబితా), రాష్ట్ర జట్టు. అబ్బాయిలకి అండర్-16లో విజయ్ మర్చంట్, అండర్-19లో వినూ మన్కడ్ వన్డేలు, కూచ్ బెహార్ నాలుగు రోజుల మ్యాచ్‌లు, అండర్-23లో సి.కె. నాయుడు ట్రోఫీ. ఆపైన రంజీ, విజయ్ హజారే, సయ్యద్ ముస్తాక్ అలీ. అమ్మాయిలకి అండర్-15, అండర్-19, అండర్-23, సీనియర్ టోర్నీలు ఉన్నాయి. విజయవాడ కీపర్ రావి కల్పన ఆ దారిలో వెళ్లి 2015లో భారత్ తరఫున వన్డేలు ఆడింది. అమ్మాయిల్లో కీపర్లు ఇంకా తక్కువ కాబట్టి మన జిల్లాల ఆడపిల్లలకి ఇది నిజమైన అవకాశం.

సీజన్ మన వాతావరణంతో పడదు. సెలక్షన్లు వానల్లో, మ్యాచ్‌లు అక్టోబర్ నుంచి. అదే నెలలో తుపాన్లు కూడా. 2013 ఫైలిన్, 2018 తిత్లీ రెండూ అక్టోబర్‌వే. మైదానం నీళ్లలో ఉన్న నెల రోజులూ ఇంటి గోడే మీ కోచ్. రబ్బరు బంతిని గోడకి కొట్టి, ఒక్కో చేత్తో వంద వంద పట్టండి.

ప్రాబబుల్స్‌లో ముగ్గురు కీపర్లు ఉంటే మీరు మూడోవారే అనుకుని వెళ్లండి. రెండోవాడిగా ఎంపికైతే ఏడాదంతా బెంచి మీద గడవొచ్చు. అప్పుడు క్యాంపులో ఏ బౌలర్ అడిగినా గ్లవ్స్ తొడగాలి. స్లిప్‌లోనూ, షార్ట్ లెగ్‌లోనూ నిలబడగలగాలి. కీపింగ్ కూడా తెలిసిన బ్యాటర్‌గా పదకొండు మందిలోకి దూరడం చాలాసార్లు దగ్గరి దారి. రెండేళ్లు బెంచి మీదే పోతే అప్పుడు వేరే రాష్ట్రం సంగతి ఆలోచించండి. బయటి నుంచి ముగ్గురు ప్రొఫెషనల్స్‌ని తెచ్చుకునే వీలు ప్రతి రాష్ట్రానికీ ఉంది. దానికి ముందు మీ పేరు మీద పరుగులు ఉండాలి.

వేళ్లు, మోకాళ్లు

వేలి చివర వంగిపోయి తిన్నగా రాకపోతే లాగొద్దు, పిండొద్దు, ఊళ్లో కట్టు కట్టే ఆయన దగ్గరికి పోవద్దు. ఐసు పెట్టి, కదలకుండా కట్టి, అదే రోజు ఎక్స్‌రే తీయించండి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. చీల్చుకున్న స్నాయువు ఆరు వారాలు పైనే అడుగుతుంది, నాలుగో వారంలో గ్లవ్స్ తొడిగితే జీవితాంతం వంకర వేలు. మోకాళ్లకి తొడ కండరాలే రక్షణ. గుంజీలు మనకి తెలిసిన వ్యాయామమే, వాటిని నెమ్మదిగా, బరువు పెంచుతూ చేయండి. పొట్టివాళ్లు కీపింగ్‌కి పనికిరారనే మాట పట్టించుకోవద్దు. పొట్టివాడే అయిన పార్థివ్ పటేల్, చిన్నప్పుడే ఎడమ చిటికెన వేలు కూడా పోగొట్టుకుని, పదిహేడేళ్లకి టెస్టు ఆడాడు.

డబ్బు, ఉద్యోగం

బీసీసీఐ 2021లో ప్రకటించిన లెక్క ప్రకారం రంజీలో కొత్తవాడికి రోజుకి 40,000, ఇరవై మ్యాచ్‌లు దాటితే 50,000, నలభై దాటితే 60,000. అండర్-23కి 25,000, అండర్-19కి 20,000. రిజర్వులో ఉన్నవాడికి సగం. అంటే నాలుగు రోజుల రంజీ మ్యాచ్‌కి మొదటి కీపర్‌కి 1,60,000, బెంచి మీదవాడికి 80,000. ఇది సీజన్‌లో మాత్రమే వచ్చే డబ్బు, గాయమైతే అదీ రాదు.

అందుకే క్రీడా కోటా ఉద్యోగం మీద కన్నుండాలి. మన రైలు మార్గంలోనే పైకి వెళితే ఖరగ్‌పూర్ వస్తుంది. ధోనీ టికెట్లు తనిఖీ చేసింది అక్కడే, 2001 నుంచి 2003 దాకా. భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు తీర రైల్వే, ఇతర రైల్వేలు వేసే క్రీడా కోటా ప్రకటనలకి సాధారణంగా 18 నుంచి 25 ఏళ్ల వయసు పరిమితి ఉంటుంది. రాష్ట్రానికి ఆడిన ప్రతి సర్టిఫికెట్‌నీ ఆడిన ఏడాదే తీసుకుని ప్లాస్టిక్ కవర్లో భద్రపరచండి. ఐదేళ్ల తర్వాత అడిగితే ఇచ్చే గుమాస్తా మారిపోయి ఉంటాడు. చదువు ఇంటర్ దగ్గర ఆపేయవద్దు.

ఇరవై మూడు దాటినా రాష్ట్ర ప్రాబబుల్స్‌లో పేరు రాకపోతే రంజీ మీద ఆశ తగ్గించుకుని, ఆటలోనే ఇంకో పని చూసుకోవచ్చు. ఎం.ఎస్.కె. ప్రసాద్ గ్లవ్స్ తీసేశాక జాతీయ సెలెక్టర్ల కమిటీకి ఛైర్మన్ అయ్యాడు. భారత జట్టు ఫీల్డింగ్ కోచ్‌లుగా చేసిన ఆర్. శ్రీధర్, టి. దిలీప్ ఇద్దరూ హైదరాబాద్ వాళ్లే. కోచింగ్ లెవెల్ కోర్సు గానీ, అంపైరింగ్ పరీక్ష గానీ రాయాలంటే రాష్ట్ర సంఘం ద్వారానే దరఖాస్తు వెళ్లాలి కాబట్టి, ఆడుతున్న రోజుల్లోనే జిల్లా కార్యదర్శి ఫోను నంబరు దగ్గరుంచుకోండి.